మోగని గంట, దొరకని గొంతు: లినక్స్ సౌండ్ మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు లినక్స్‌లో సౌండ్ గురించే ఉన్నాయి, అవన్నీ మన విశాఖ నుంచే రావడం ఇంకా బాగుంది. ముందు ఒక్క మాట. టెర్మినల్ అనే కిటికీలో కొట్టే కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరాలు కావాల్సిన చోట నేనే చెప్తాను, హైఫన్ అంటే మామూలు అడ్డగీత.

ప్రశ్న: సర్, నేను పాలిటెక్నిక్ రెండో ఏడాది చదువుతున్నాను. బ్రౌజర్‌లో పాట వస్తుండగా టెర్మినల్‌లో ఏప్లేకి కార్డు నంబరు ఇచ్చి ఇంకో ఫైలు పెడితే 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ' అంటోంది. అదే ఫైలు పీఏప్లేతో పెడితే రెండూ కలిసి వినిపిస్తున్నాయి. తేడా ఏంటి? ఈ సౌండ్ సర్వర్ నిజంగా అవసరమా? (విద్యార్థిని, కంచరపాలెం)

నువ్వు గమనించిందే అసలు విషయం అమ్మా. కార్డు నంబరు ఇచ్చి ఏప్లే నడిపితే అది మధ్యలో ఎవరినీ అడక్కుండా ఆల్సా (లినక్స్‌లో సౌండ్ కార్డుని నడిపే భాగం) ద్వారా నేరుగా సౌండ్ కార్డు దగ్గరికే వెళ్తుంది, మామూలు కార్డు ఒకసారికి ఒక ప్రోగ్రామ్‌నే రానిస్తుంది, అప్పటికే అక్కడ వేరేవాళ్లు ఉంటే రెండోవాళ్లకి బిజీ అనే సమాధానం వస్తుంది. పీఏప్లే కార్డు జోలికి వెళ్లదు. ఫైల్లోని ధ్వనిని సౌండ్ సర్వర్ చేతిలో పెడుతుంది. వానాకాలంలో మన కొండల మీద నుంచి నాలుగు వైపులా దిగిన నీళ్లు ఒక్క గెడ్డలో కలిసి పోతాయి చూడు, సర్వర్ చేసే పని అదే: బ్రౌజర్ పాట, నీ ఫైలు, మెసేజ్ వచ్చిన టింగుమనే శబ్దం, అన్నిటినీ కలిపి ఒకే ధారగా కార్డుకి పంపుతుంది.

ఈ బాధ కొత్తది కాదు. 90ల చివర్లోనే దీని కోసం గ్నోమ్ అనే డెస్క్‌టాప్ తెరలో ఈఎస్‌డీ, కేడీఈ అనే ఇంకో తెరలో ఆర్ట్స్ అనే సర్వర్లు వాడేవారు. ఈఎస్‌డీకి అప్పుడే టెర్మినల్ క్లయింట్లు, అంటే సర్వర్‌తో మాట్లాడే కమాండ్లు, ఉండేవి. ఫైలు వినిపించడానికి ఈఎస్‌డీప్లే, కలిసి వెళ్తున్న ధ్వనిని బయటికి తీసి వినడానికి ఈఎస్‌డీమాన్. 2004లో లెనార్ట్ పోటరింగ్ మొదలుపెట్టిన పోలిప్‌ఆడియో 2006లో పల్స్‌ఆడియోగా పేరు మార్చుకుంది, 2007లో ఫెడోరా 8 అనే లినక్స్‌తో అందరి మిషన్లలోకీ రావడం మొదలైంది. ఆ తర్వాత విమ్ టేమన్స్ రాసిన పైప్‌వైర్ 2021లో ఫెడోరా 34లో, మరుసటి ఏడాది ఉబుంటు 22.10లో దాని స్థానంలోకి వచ్చింది. పాత కమాండ్లు పనికిరాకుండా పోలేదు, ఎందుకంటే పైప్‌వైర్ పల్స్ భాష కూడా మాట్లాడుతుంది. టెర్మినల్‌లో 'పీఏసీటీఎల్ ఇన్ఫో' కొట్టి సర్వర్ నేమ్ అనే లైను చూడు, 'పల్స్‌ఆడియో ఆన్ పైప్‌వైర్' అని ఉంటే నీ మిషన్‌లో ఉన్నది కొత్తదే.

ఇక అవసరమా అంటే, ఒకే ఒక్క ప్రోగ్రామ్ రాత్రింబవళ్లు నడిచే మిషన్ అయితే అక్కర్లేదు, ఆల్సా చాలు. నువ్వు రోజూ వాడే ల్యాప్‌టాప్‌కి మాత్రం తీసేయొద్దు.

ప్రశ్న: అయ్యా, నేను బడిలో టీచర్ని. పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసి, దాన్ని యాంప్లిఫయర్‌కీ హారన్ స్పీకర్‌కీ కలిపి పీరియడ్ గంట కొట్టించాలని చూస్తున్నాను. టెర్మినల్‌లో పీఏప్లేతో గంట ఫైలు పెడితే బ్రహ్మాండంగా మోగుతోంది. అదే లైను క్రాన్‌లో, అంటే చెప్పిన టైముకి కమాండ్ నడిపే దాంట్లో, పెడితే చడీచప్పుడు లేదు. సుడోతో కూడా చూశాను, 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటోంది. మోగినప్పుడు కూడా 'టంగ్' అనే మొదటి దెబ్బ సగం మింగేస్తోంది. రెండు సార్లు లినక్స్ తీసేసి మళ్లీ వేశాను. (పెందుర్తి)

మాస్టారూ, మూడోసారి మాత్రం వేయకండి. మీ మిషన్‌లో ఏ తప్పూ లేదు. మీరు టెర్మినల్‌లో కొట్టిన కమాండ్‌కీ క్రాన్ కొట్టిన కమాండ్‌కీ మధ్య ఒక్కటే తేడా, సర్వర్ ఇంటి అడ్రసు.

సౌండ్ సర్వర్ అనేది మొత్తం కంప్యూటర్‌కి ఒకటి కాదు, లాగిన్ అయిన యూజరు కింద నడుస్తుంది. క్లయింట్లు దాన్ని ఒక ఫోల్డర్లో వెతుక్కుంటాయి: స్లాష్ రన్, స్లాష్ యూజర్, స్లాష్ 1000. ఆ 1000 మీ యూజర్ నంబరు, మొదటి యూజరుకి సాధారణంగా అదే ఉంటుంది, 'ఐడీ హైఫన్ యూ' అని కొడితే మీది ఎంతో చెప్తుంది. టెర్మినల్ తెరిచినప్పుడు ఈ అడ్రసు దానికి ముందే తెలిసి ఉంటుంది. క్రాన్‌కి తెలియదు, అది దాదాపు ఖాళీ చేతులతో లేచి పని చేసుకుని పడుకుంటుంది. సుడో పెడితే ఇంకా దూరం పోయినట్టు, అప్పుడు మీరు రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్, అయిపోయారు, మీ సర్వర్ మీది, రూట్‌ది కాదు, అందుకే తలుపు తియ్యలేదు. కాబట్టి సౌండ్ కమాండ్లకి సుడో ఎప్పుడూ వాడొద్దు.

చేయాల్సింది ఇది. సుడో లేకుండా 'క్రాన్‌ట్యాబ్ హైఫన్ ఈ' కొట్టి మీ సొంత క్రాన్ ఫైలు తెరవండి. అన్నిటికంటే పైన ఒక లైను రాయండి: ఎక్స్‌డీజీ, రన్‌టైమ్, డీఐఆర్ అనే మూడు ముక్కల్ని పెద్దక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో కలిపి, ఈక్వల్ గుర్తు పెట్టి, పైన చెప్పిన ఫోల్డర్ అడ్రసు రాయాలి, ఎక్కడా ఖాళీ వదలకుండా. దాని కింద మీ గంటల లైన్లు. తొమ్మిదింటికి సోమవారం నుంచి శనివారం దాకా అయితే 0, 9, స్టార్ గుర్తు, స్టార్ గుర్తు, 1 హైఫన్ 6 (కామాలు లేకుండా, ఒక్కోదాని మధ్య ఒక ఖాళీతో), తర్వాత పీఏప్లే, తర్వాత గంట ఫైలు పూర్తి అడ్రసు. ఫైలు పేరొక్కటే రాస్తే క్రాన్ దాన్ని మీ హోమ్ ఫోల్డర్లోనే వెతుకుతుంది. మీరు ఇంకెక్కడో పెట్టి ఉంటే దొరకదు. మోగకపోతే ఎందుకు మోగలేదో తెలియాలి కదా, అందుకని ఎర్రర్లు ఒక టెక్స్ట్ ఫైల్లో పడేలా లైను చివర దారి మళ్లించండి, ఆ ఫైలు తెరిస్తే కారణం అందులోనే ఉంటుంది.

ఇంకో చిక్కుంది. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ లాగిన్ స్క్రీన్ దగ్గర ఆగిపోతే మీ యూజర్ ఇంకా రానట్టే, సర్వర్ లేనట్టే, గంట మోగదు. 'లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్ హైఫన్ లింగర్' అనే కమాండ్‌తో లాగిన్ కాకపోయినా మీ యూజర్ సర్వీసులు నడిచేలా చేయొచ్చు, కానీ అప్పుడు ఆ యూజర్ని ఆడియో గ్రూపులో కూడా చేర్చాలి, లేదంటే కార్డుని ముట్టుకోనివ్వదు. బడికి నా సలహా అంతకంటే తేలికైనది: గంటల కోసం వేరే యూజర్ని చేసి దానికి ఆటోమేటిక్ లాగిన్ పెట్టేయండి. మార్కుల ఫైళ్లున్న మీ యూజర్‌కి మాత్రం పెట్టొద్దు. యూజర్ మారితే నంబరు కూడా మారుతుంది, ఆ 1000 సరిచూసుకోండి.

మింగేసిన 'టంగ్' సంగతి. ఏ ప్రోగ్రామూ వాడకపోతే సర్వర్ ఐదు సెకన్లలో కార్డుని నిద్రపుచ్చుతుంది. 'పీఏసీటీఎల్ లిస్ట్ షార్ట్ సింక్స్' అని కొడితే చివర్లో సస్పెండెడ్ అని కనిపించేది అదే, అది జబ్బు కాదు, చూసి కంగారు పడొద్దు. మీ గంట వచ్చేసరికి కార్డు నిద్ర లేస్తూ ఉంటుంది, ఆ లేచే లోపు మొదటి దెబ్బ పోతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ నిద్ర తీసేయొచ్చు, కానీ నేనైతే ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో గంట ఫైలు తెరిచి ముందు ఒక సెకను నిశ్శబ్దం చేర్చి సేవ్ చేస్తాను. పిల్లలకి గంట ఒక సెకను ఆలస్యమైతే నష్టం లేదు, మీరు రేపు సర్వర్ మార్చినా ఆ ఫైలు అలాగే పనిచేస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు భీమిలిలో ఉంటారు. వారానికోసారి వీడియో కాల్‌లో పాత కబుర్లు చెప్తారు, వాటిని ల్యాప్‌టాప్‌లో దాచుకోవాలని నా ఆశ. పీఏరెక్‌తో రికార్డు చేస్తే నా గొంతే పడింది, ఆయనది లేదు. ఇంకోసారి ఏదో మార్చి చేశాను, ఫైలు పెద్దగానే వచ్చింది కానీ ఏప్లేతో పెడితే ఒకటే హోరు. ఆ రోజు ఆయన చెప్పినవి పోయినట్టేనా? (మధురవాడ)

పోలేదు! ఆ ఫైలు డిలీట్ చేయకండి. ముందు దాని సంగతి చెప్తాను, ఎందుకంటే సరిగ్గా ఇదే నాకూ జరిగింది.

మా మేనత్తకి పాత పద్యాలు చాలా వచ్చు. ఒక సంక్రాంతికి కూర్చోబెట్టి నలభై నిమిషాలు పాడించుకున్నాను, ఆవిడ వెళ్లిపోయాక ఫైలు పెడితే నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపట, వెనక బుస్సుమని హోరు. కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆవిడని మళ్లీ పాడమని అడగడానికి మొహం చెల్లక ఆ రాత్రి ఫైలు సైజు చూస్తూ కూర్చున్నాను: 423 ఎంబీ. అప్పుడు లెక్క వేశాను. పీఏరెక్ ఏమీ చెప్పకపోతే సెకనుకి 44,100 శాంపిళ్లు (ధ్వని కొలతలు), ఒక్కోటి 16 బిట్లు, రెండు చానళ్లు తీసుకుంటుంది, అంటే సెకనుకి 1,76,400 బైట్లు. దాన్ని నలభై నిమిషాలతో, అంటే 2,400 సెకన్లతో హెచ్చవేస్తే సరిగ్గా 423 ఎంబీ! అంటే ఫైలు నిండుగానే ఉంది, చదివేవాడే తప్పు చదువుతున్నాడు.

జరిగేది ఇది. పీఏరెక్ తలకట్టు (హెడర్) లేని ముడి ధ్వనిని రాస్తుంది. అందులో ఎన్ని చానళ్లో ఎంత వేగమో ఎక్కడా రాసి ఉండదు. ఏప్లేకి ఏమీ చెప్పకపోతే అది 8 బిట్లు, ఒకే చానల్, సెకనుకి 8,000 అనుకుని చదువుతుంది. ఆ లెక్కన ఒక నిమిషం మాటలు ఇరవై రెండు నిమిషాల హోరు అవుతాయి. మీరు 'ఏప్లే హైఫన్ ఎఫ్ సీడీ' అని రాసి ఫైలు పేరు ఇవ్వండి, సీడీ అంటే సరిగ్గా ఆ 44,100, 16 బిట్లు, రెండు చానళ్లే. లేదా పీఏక్యాట్‌తో పెట్టండి, అది పీఏరెక్‌కి జోడీ, రెండిటి అలవాటూ ఒకటే. మా అత్త గొంతు ఆ రాత్రి అలాగే వచ్చింది, మీ నాన్నగారిదీ వస్తుంది. ఇక ముందు పీఏరెక్ బదులు పీఏరికార్డ్ వాడండి, అది వేవ్ ఫైలుగా తలకట్టుతో సహా రాస్తుంది, ఎవరైనా తెరవగలరు.

ఇక ఆయన గొంతు ఎందుకు పడలేదంటే మీరు రికార్డు చేసింది మైకుని. ఆయన గొంతు మైకులోంచి రాదు, స్పీకర్ వైపు వెళ్తుంది. 'పీఏసీటీఎల్ లిస్ట్ షార్ట్ సోర్సెస్' కొట్టండి, పేరు చివర చుక్క పెట్టి మానిటర్ అని ఉన్నది కనిపిస్తుంది, స్పీకర్‌కి పోయే ధార పక్కన పెట్టిన చెవి లాంటిది అది. ఆ పేరుని 'పీఏరికార్డ్ హైఫన్ డీ' తర్వాత ఇస్తే ఆయన గొంతు పడుతుంది. రెండు గొంతులూ కావాలంటే రెండు టెర్మినళ్లు తెరిచి ఒకదాంట్లో మానిటర్, ఒకదాంట్లో మైకు విడిగా రికార్డు చేసి తర్వాత కలుపుకోండి, ఎవరి గొంతు తగ్గితే వాళ్లది పెంచుకోవచ్చు. మీరు హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి, లేకపోతే ఆయన మాట స్పీకర్ నుంచి మైకులోకి దూరి రెండుసార్లు పడుతుంది.

మానిటర్‌కి అన్నీ వినిపిస్తాయి, మధ్యలో వచ్చే మెసేజ్ టింగులు కూడా. అవి వద్దనుకుంటే 'పీఏసీటీఎల్ లిస్ట్ షార్ట్ సింక్ హైఫన్ ఇన్‌పుట్స్' కొట్టి కాల్ తాలూకు నంబరు పట్టుకుని, పీఏరికార్డ్‌కి హైఫన్ హైఫన్ మానిటర్ హైఫన్ స్ట్రీమ్, ఈక్వల్, ఆ నంబరు ఇవ్వండి, అప్పుడు ఆ కాల్ ఒక్కటే పడుతుంది. మొదలుపెట్టగానే పది సెకన్లు రికార్డు చేసి, ఆపి, విని చూసుకోండి, ఆ తర్వాతే ఆయన్ని కబుర్లలోకి దించండి. రికార్డు చేస్తున్నట్టు ఆయనకి చెప్పే చేయండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో వీణ నేర్పుతాను. నా వైపు ఆడియో మధ్యమధ్యలో టపటపమని తెగుతోంది. ఇంటర్నెట్టా, ల్యాప్‌టాప్పా అని ఎలా తెలుసుకోవాలి? (అక్కయ్యపాలెం)

పైప్‌వైర్ అయితే 'పీడబ్ల్యూ హైఫన్ టాప్' కొట్టి పక్కన పెట్టుకుని పాఠం చెప్పండమ్మా. అందులో ఈఆర్‌ఆర్ అనే నిలువు వరస మీద ఒక కన్నేసి ఉంచండి. టప్‌మన్న ప్రతిసారీ అక్కడ అంకె పెరిగితే తప్పు మీ ల్యాప్‌టాప్‌లోనే, సర్వర్‌కి సమయానికి ధ్వని అందడం లేదు. చప్పుడు వచ్చినా అంకె కదలకపోతే ల్యాప్‌టాప్‌ని అనుమానించడం ఆపి ఇంటర్నెట్, మైకు వైరు చూడండి.

అంకె పెరుగుతోంది అనుకుందాం. క్వాంట్ అనే వరసలో 1024, రేట్ వరసలో 48,000 ఉంటే సర్వర్ 21 మిల్లీసెకన్లకోసారి ధ్వనిని పంచుతోందని అర్థం. 128 లాంటి చిన్న అంకె ఉంటే ఆ గడువు మూడు మిల్లీసెకన్లు కూడా ఉండదు, పాత ల్యాప్‌టాప్ అంత వేగంగా అందించలేదు. 'పీడబ్ల్యూ హైఫన్ మెటాడేటా హైఫన్ ఎన్ సెట్టింగ్స్ 0 క్లాక్ చుక్క ఫోర్స్ హైఫన్ క్వాంటమ్ 2048' అని ఇస్తే గడువు 43 మిల్లీసెకన్ల దాకా పెరుగుతుంది. 2048 చోట 0 ఇస్తే మళ్లీ మామూలైపోతుంది, కాబట్టి భయపడక్కర్లేదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైకుతో మాత్రం వీణ పాఠం చెప్పొద్దు. మైకు వాడగానే అది ఫోన్ మాటల ప్రొఫైల్‌లోకి మారిపోతుంది, సాధారణంగా సెకనుకి 8,000 లేదా 16,000 శాంపిళ్లే, అదీ ఒకే చానల్. గమకం అందులో నిలవదు.

ప్రశ్న: నాకు చూపు లేదు, డిగ్రీ చదువుతున్నాను. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ఓర్కా స్క్రీన్ రీడర్‌తో లినక్స్ వాడతాను. తమ్ముడు టీవీ కేబుల్ పెట్టినప్పుడల్లా ఓర్కా గొంతు టీవీకి వెళ్లిపోతోంది. టీవీ సౌండ్ తగ్గించి ఉంటే నాకు కంప్యూటర్ మొత్తం మూగబోయినట్టే. ఎవరైనా ఇంటికొచ్చే దాకా కూర్చోవాల్సి వస్తోంది. మౌస్‌తో చేసే పరిష్కారం వద్దు. (గాజువాక)

తమ్ముడూ, అందరికీ సౌండ్ పోతే పాట ఆగుతుంది, నీకు స్క్రీనే ఆగిపోతుంది. అందుకే నీ ప్రశ్నకి ఎక్కువ సమయం పెట్టాను.

కష్టం వచ్చాక వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు, కేబుల్ లేనప్పుడే ఒక స్క్రిప్టు, అంటే వరసగా నడిచే కమాండ్ల ఫైలు, సిద్ధం చేసుకో. ఇంటర్నెట్‌లో చాలామంది 'డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్' చూడమంటారు, చూపున్నవాళ్లకి అది బాగుంటుంది, కానీ అది గీతలతో గీసిన చెట్టు బొమ్మ, స్క్రీన్ రీడర్ ఆ గీతలన్నీ చదువుకుంటూ పోతే తల నొప్పి. పైగా అందులో నంబర్లు రీస్టార్ట్ చేస్తే మారిపోవచ్చు. నువ్వు 'పీఏసీటీఎల్ గెట్ హైఫన్ డిఫాల్ట్ హైఫన్ సింక్' వాడు. ఒక్క లైను, ఒక్క పేరు, చదివి ఊరుకుంటుంది. కేబుల్ లేనప్పుడు అది చెప్పే పేరే నీ ల్యాప్‌టాప్ స్పీకర్ పేరు, అది మారదు, ఒక ఫైల్లో దాచుకో.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో స్పీకరూ టీవీ కేబుల్ పెట్టే హెచ్‌డీఎంఐ దారీ ఒకే కార్డు మీద రెండు ప్రొఫైళ్లుగా ఉంటాయి, టీవీ ప్రొఫైల్‌కి మారగానే స్పీకర్ పేరే జాబితాలోంచి మాయమవుతుంది. నీది అలాంటిదేమో తమ్ముణ్ణి పక్కన పెట్టుకుని ఒకసారి కేబుల్ పెట్టించి చూడు. అలాంటిదైతే స్క్రిప్టులో మొదటి లైనుగా 'పీఏసీటీఎల్ సెట్ హైఫన్ కార్డ్ హైఫన్ ప్రొఫైల్', కార్డు పేరు, స్పీకర్ ప్రొఫైల్ పేరు రాయాలి. ఈ రెండు పేర్లూ 'పీఏసీటీఎల్ లిస్ట్ కార్డ్స్' చెప్తుంది.

ఆ తర్వాత లైన్లు అందరికీ ఒకటే. 'సెట్ హైఫన్ డిఫాల్ట్ హైఫన్ సింక్' ఇచ్చి నీ స్పీకర్ పేరు, 'సెట్ హైఫన్ సింక్ హైఫన్ మ్యూట్' ఇచ్చి అదే పేరు, 0. 'సెట్ హైఫన్ సింక్ హైఫన్ వాల్యూమ్' ఇచ్చి అదే పేరు, 60 శాతం. ప్రతిదానికీ ముందు పీఏసీటీఎల్. నువ్వు ప్రత్యేకంగా ఒక దారి చూపించని ధారలన్నీ డిఫాల్ట్ ఎటు మారితే అటే వస్తాయి, కాబట్టి ఓర్కా గొంతు కూడా వెనక్కి వస్తుంది. చివరి లైనుగా 'ఎస్‌పీడీ హైఫన్ సే' పెట్టి 'ల్యాప్‌టాప్' అనే మాట ఇంగ్లీషులో ఇవ్వు. ఓర్కా వాడే స్పీచ్ డిస్పాచర్ (రాతని మాటగా పలికించే సర్వీసు) లోంచే ఆ మాట పలుకుతుంది, కాబట్టి ఆ ఒక్క మాట వినిపిస్తే దారి మొత్తం తెరుచుకున్నట్టే లెక్క. ఈ స్క్రిప్టుకి కీబోర్డు సెట్టింగుల్లో ఒక షార్ట్‌కట్ కట్టు, చీకట్లో కూడా వేలికి దొరికే కీలు ఎంచుకో.

అది నొక్కితే 'ల్యాప్‌టాప్' అనే మాట వచ్చి కూడా ఓర్కా పలకకపోతే అప్పుడు ఓర్కానే ఆగిపోయి ఉండొచ్చు, గ్నోమ్‌లో సూపర్ (విండోస్ కీ), ఆల్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కితే అది మళ్లీ లేస్తుంది. మొదటిసారి పరీక్షించేటప్పుడు మాత్రం తమ్ముణ్ణి ఇంట్లోనే ఉండమను, కేబుల్ పెట్టి తీసి నాలుగైదు సార్లు చూసుకోండి. ప్రొఫైల్ పేరు దగ్గర ఎక్కడైనా ఆగితే ఆ 'లిస్ట్ కార్డ్స్' ఇచ్చినదంతా నాకు పంపు, స్క్రిప్టు నేనే రాసి పంపిస్తాను.